అమ్మమ్మకన్నా చిన్నదైన పాతబస్తీ

ప్రాజెక్టు పని మీద మూడు వారాలు వార్సాలో ఉన్నాను. మొదటిరోజు లంచ్ దగ్గర, ఈ శనాదివారాలు ఏం చూడమంటావని పక్క సీటు కొలీగ్‌ని అడిగాను. అతను అక్కడే పుట్టి పెరిగినవాడు. ముందు ఓల్డ్ టౌన్ చూడమన్నాడు. కాసేపాగి, "కాకపోతే అది మా అమ్మమ్మకన్నా చిన్నది" అన్నాడు. జోకనుకుని నవ్వాను. అతను నవ్వలేదు. వాళ్ళ అమ్మమ్మ 1938లో పుట్టిందట. వార్సా పాతబస్తీ నడిమధ్యనున్న మార్కెట్ చౌకుకి ప్రారంభోత్సవం జరిగింది 1953 జూలై 22న. అంటే పదిహేనేళ్ళు చిన్నది.

నాకు పాతబస్తీ అంటే చార్మినార్ చుట్టుపక్కల గల్లీలు. అక్కడ పాతదంటే పాతదే. పెచ్చులూడుతుంది, కూలుతుంది, కొంత దాని మీదే కొత్తది లేస్తుంది. పదమూడో శతాబ్దపు బస్తీకి ఇరవయ్యో శతాబ్దంలో రిబ్బన్ కత్తిరించడమనే సంగతి నా బుర్రకి ఎక్కలేదు. నిజం చెప్పాలంటే కొంచెం చులకనగా కూడా అనిపించింది. ఫిల్మ్‌సిటీలో వేసిన సెట్ లాంటిదేమోలే అనుకుంటూనే శనివారం పొద్దున ట్రామ్ ఎక్కాను.

కోట ముందరి చౌకులో దిగగానే కనబడేది ఒక ఎత్తైన స్తంభం. దాని పైన కత్తీ శిలువా పట్టుకుని రాజు సిగిస్మండ్. 1644లో నిలబెట్టారు. అందరూ దాని కింద నిలబడి సెల్ఫీలు తీసుకుంటున్నారు. నాలుగడుగులు పక్కకి వేస్తే, కోటగోడ వారగా గడ్డిలో పెద్దపెద్ద రాతి దూలాలు పడి ఉంటాయి. అటు ఎవరూ పెద్దగా చూడటం లేదు. అవి పాత స్తంభాలు. 1944లో యుద్ధంలో స్తంభం కూలింది. 1949లో కొత్త రాయి చెక్కించి మళ్ళీ నిలబెట్టారు. విరిగిన దాన్ని పారెయ్యకుండా పక్కనే పడుకోబెట్టారు. ఒరిజినల్ నేలమీద, కాపీ ఆకాశంలో. ఆ ఊరిని ఎలా చదవాలో అక్కడే తెలిసింది నాకు.

అసలేం జరిగిందో చెప్పాలంటే 1944 ఆగస్టు 1కి వెళ్ళాలి. ఆరోజు సాయంత్రం అయిదింటికి పోలిష్ రహస్యసైన్యం జర్మన్ల మీద తిరగబడింది. కొద్దిరోజుల్లో పనైపోతుందనుకున్నారు. 63 రోజులు నడిచింది. సోవియట్ సేనలు విస్తులా నది అవతలి ఒడ్డుకి వచ్చాయి గానీ, ఇవతలివాళ్ళని కాపాడలేదు. అక్టోబరు 2న తిరుగుబాటుదార్లు లొంగిపోయారు. చనిపోయిన మామూలు జనం లక్షన్నరకు తక్కువుండరని అంచనా. బతికినవాళ్ళని ఊరు ఖాళీ చేయించారు. అసలు విధ్వంసంలో పెద్ద భాగం ఆ తరవాతే. యుద్ధం ఇంకెక్కడో జరుగుతుంటే, ఇక్కడ మనుషుల్లేని ఊళ్ళో ప్రత్యేక దళాలు వీధి వెంట వీధి తగలబెట్టుకుంటూ, ముఖ్యమైన కట్టడాలకి డైనమైట్ పెట్టుకుంటూ పోయాయి. లైబ్రరీలు కూడా వదల్లేదు. 1945 జనవరి 17న సోవియట్, పోలిష్ సేనలు లోపలికి వచ్చేసరికి ఊళ్ళో దాదాపు 85 శాతం శిథిలం.

ఈ అంకెలు చదివితే ఒకలా ఉంటుంది, చూస్తే ఇంకొకలా. ట్రామ్‌లకి కరెంటు ఇచ్చిన పాత పవర్ స్టేషన్‌లో 2004లో తెరిచిన తిరుగుబాటు మ్యూజియం ఉంది. అందులో అయిదారు నిమిషాల త్రీడీ సినిమా వేస్తారు. 1945లో ఒక విమానం నుంచి చూస్తే వార్సా ఎలా ఉండేదో కంప్యూటర్లో తయారుచేశారు. కథ లేదు, మాటల్లేవు. పైకప్పుల్లేని గోడలు, గోడల్లేని వీధులు, నదిలో కూలిన వంతెనలు. 'ది పియానిస్ట్' సినిమాలో ష్పిల్మాన్ గోడ దూకి కుంటుకుంటూ అటువైపు చూసే షాట్ గుర్తుందా? ఆ షాట్‌ని అయిదు నిమిషాలు సాగదీస్తే ఇదీ. నా పక్కన కూర్చున్న స్కూలు పిల్లలు మొదటి నిమిషం గుసగుసలాడారు, తరవాత ఆపేశారు.

ఈ స్థితిలో రాజధానిని వేరే ఊరికి మార్చేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. కానీ చలికాలం గడవకముందే జనం తిరిగి రావడం మొదలుపెట్టారు. 1945 ఫిబ్రవరిలోనే రాజధాని పునర్నిర్మాణ కార్యాలయం పెట్టారు. మరి పాతబస్తీని ఉన్నదున్నట్టు కట్టాలంటే ఎలా ఉండేదో తెలియాలి కదా. కిటికీ ఎంత వెడల్పు, గుమ్మం పైన ఏ బొమ్మ, ఏ ఇల్లు పక్కింటికన్నా ఎంత ముందుకొచ్చింది. వృత్తిరీత్యా నాకు వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: బ్యాకప్ ఎవరు తీశారు?

తీసినవాళ్ళు వార్సా పాలిటెక్నిక్‌లోని పోలిష్ వాస్తుశాస్త్ర విభాగం వాళ్ళు. ప్రొఫెసర్ ఆస్కర్ సొస్నోఫ్‌స్కి యుద్ధానికి ముందే విద్యార్థులతో పాత ఇళ్ళని కొలిపించి డ్రాయింగులు గీయించడం మొదలుపెట్టాడు. 1939 సెప్టెంబరు ముట్టడిలో గాయపడి ఆయన చనిపోయాడు. ఆయన పనిని యాన్ జహ్వాతోవిచ్ అందుకున్నాడు. జర్మన్లు పోల్‌లకి పైచదువులు నిషేధించారు కాబట్టి చదువూ రహస్యమే, కొలతలూ రహస్యమే. తిరుగుబాటు ఓడిపోయాక, ఊరు తగలబడుతుండగా, ఆ డ్రాయింగుల్ని బయటికి దాటించి ప్యోత్ర్‌కుఫ్ అనే ఊళ్ళోని ఒక క్రైస్తవ మఠంలో దాచారు. యుద్ధం అయ్యాక కట్టడాల పునరుద్ధరణ బాధ్యత కూడా జహ్వాతోవిచ్ చేతికే వచ్చింది. అంటే బ్యాకప్ తీసినవాడే రీస్టోర్ చేశాడు. మా ఫీల్డులో కూడా ఇంత అదృష్టం అరుదు.

టూరిస్టు గైడ్లు మాత్రం ఈ కథ చెప్పరు. కనలెట్టో కథ చెబుతారు, ఎందుకంటే అది ఇంకా అందంగా ఉంటుంది. ఇక్కడి కనలెట్టో వెనిస్ కనలెట్టో కాదు, ఆయన మేనల్లుడు బెర్నార్డో బెల్లొట్టో. పోలండ్ చివరి రాజు స్తనిస్వాఫ్ ఆగస్ట్ కొలువులో ఉండి, 1770ల్లో వార్సా వీధుల్ని వరసగా బొమ్మలు వేశాడు. వాటిలో ఇరవై రెండు ఇప్పుడు కోటలో ఒకే గదిలో ఉన్నాయి. నేను ఆ గదిలో గంటన్నర ఉన్నాను. ఒక్కో బొమ్మలో కుక్కలు, బండి చక్రాలు, ముష్టివాళ్ళు, ఆరేసిన బట్టలతో సహా అన్నీ ఉన్నాయి. యుద్ధం తరవాత వీధులు కట్టేటప్పుడు ఈ బొమ్మల్ని పక్కన పెట్టుకున్న మాట నిజం. ముఖ్యంగా పాతబస్తీ నుంచి దక్షిణంగా వెళ్ళే పెద్ద రాచవీధికి. కానీ పాతబస్తీ చౌకుకి ఆధారం ప్రధానంగా విద్యార్థులు గీసిన ఆ బోసి డ్రాయింగులే. ఇంకో తిరకాసు కూడా ఉంది. బెల్లొట్టో కెమెరా ఆబ్స్క్యూరా వాడినా, ఎదురుగా ఉన్నదాన్ని అచ్చంగా వేసినవాడు కాదు. కొలతలు సాగదీశాడు, కొన్ని ఇళ్ళని ఉన్నదానికన్నా అందంగా చేశాడు. చిత్రకారుడిగా అది ఆయన హక్కు. రెండొందల ఏళ్ళ తరవాత ఆయన కల్పనలో కొంత ఇటుకా సున్నమూ అయి నిలబడింది. ఫిక్షన్ ఇంత గట్టిగా నిజమవడం నేనింకెక్కడా చూడలేదు.

అయితే రీస్టోర్ అన్నాక ఏ వెర్షన్‌కి అన్న ప్రశ్న ఉంటుంది. 1939 ఆగస్టు నాటి పాతబస్తీ పోస్టుకార్డు లాంటిది కాదు. ఇరుకు గదుల్లో కిక్కిరిసిన పేదల బస్తీ. ఇళ్ళ వెనక ఇళ్ళు, చీకటి పెరళ్ళు. మళ్ళీ కట్టినవాళ్ళు వాటిని కట్టలేదు. ముఖాలు పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాలవి, లోపల 1950ల నాటి ఫ్లాట్లు. వెనక గాలీ వెలుతురూ వచ్చేలా ఖాళీ స్థలాలు. మరోపక్క, పంతొమ్మిదో శతాబ్దంలో పెట్టుబడిదారులు అద్దెలకి కట్టిన భవనాలంటే కొత్త ప్రభుత్వానికి గిట్టదు. బాగుచేస్తే నిలిచే వాటిని కూడా చాలాచోట్ల కూల్చేశారు. ఊరంతా ఏకంగా వెనక్కి వెళ్ళలేదు. నచ్చిన శతాబ్దానికి వెళ్ళింది.

ఇటుకలు ఎక్కడివి అన్నది ఇంకో కథ. కొంత వార్సా శిథిలాల్లోంచే ఏరారు. చాలక, యుద్ధం తరవాత జర్మనీ నుంచి పోలండ్ కిందికి వచ్చిన వ్రోత్స్‌వాఫ్, ష్చెచిన్ లాంటి ఊళ్ళ నుంచి రైళ్ళలో తెప్పించారు. జాతి యావత్తూ తన రాజధానిని కట్టుకుంటోందని ఆ రోజుల నినాదం. దానికోసం ఆ ఊళ్ళలో నిలబడే ఉన్న పాత భవనాల్ని కూడా పడగొట్టారు. ఒక పాతబస్తీ లేవడానికి ఇంకో పాతబస్తీ కొంత పల్చబడింది. చౌకులో కాఫీ తాగుతూ, ఎదురుగా ఉన్న పసుపురంగు గోడ లోపలి ఇటుక ఏ భాష మాట్లాడే ఇంటిదో అనుకున్నాను.

కోట మాత్రం చాలా ఆలస్యమైంది. రాజుల కోటకి డబ్బు పెట్టడానికి కమ్యూనిస్టు ప్రభుత్వానికి మనసొప్పలేదు. 1971లో గానీ అనుమతి రాలేదు. జనం చందాలిచ్చారు, ఊరికే వచ్చి పని చేశారు. 1939లో బాంబులు పడ్డప్పుడు మ్యూజియం వాళ్ళు ప్రాణాలకి తెగించి విప్పుకుపోయిన చెక్కలు, రాతి ముక్కలు దాచినచోట్ల నుంచి బయటికొచ్చి గోడల్లో వాటి జాగాలో కూర్చున్నాయి. 1939 సెప్టెంబరు 17న 11:15కి కోట గడియారం మంటల్లో ఆగిపోయింది. 1974 జూలై 19న సరిగ్గా 11:15కి దాన్ని మళ్ళీ నడిపించారు. మధ్యలో ముప్పై అయిదేళ్ళు. దాని కింద నిలబడి టైము చూసుకున్నప్పుడు, సెట్ అన్న మాట వెనక్కి తీసుకున్నాను. సెట్ వేసేవాడు చూసేవాళ్ళ కోసం వేస్తాడు. వీళ్ళు ఉండటానికి కట్టుకున్నారు. పైగా కాపీ అన్న సంగతి ఎక్కడా దాచలేదు. 1980లో యునెస్కో ఈ బస్తీని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా అది పాతది అని కాదు, అంతగా పోయినదాన్ని అంత శ్రద్ధగా మళ్ళీ కట్టినందుకు.

ఆదివారం వజెంకి పార్కుకి వెళ్ళాను. చెరువు మధ్యలో స్తనిస్వాఫ్ ఆగస్ట్ వేసవి భవనం, నెమళ్ళు, చేతిలోంచి గింజలు తీసుకునే ఎర్ర ఉడతలు. ఆ భవనాన్ని కూడా పేల్చేద్దామని గోడల నిండా డైనమైట్‌కి రంధ్రాలు పొడిచారు. తగలబెట్టారు గానీ, పేల్చడం మాత్రం జరగలేదు. ఇంకొంచెం ముందుకెళ్తే విల్లో చెట్టు కింద కూర్చున్న షోపెన్ విగ్రహం. 1926లో పెట్టారు. 1940 మే 31న జర్మన్లు పేల్చి ముక్కలు చేశారు. మళ్ళీ పోతపోసి 1958లో పెట్టారు. మరుసటేడాది నుంచి వేసవి ఆదివారాల్లో అక్కడ పియానో కచేరీలు. టికెట్ లేదు. గడ్డిమీద వందలమంది, పిల్లలబళ్ళు, శాండ్‌విచ్‌లు. నాకు ఆ సంగీతం గురించి పెద్దగా తెలియదు. కానీ ఒక దేశం తన సంగీతకారుడి విగ్రహాన్ని ఎందుకు అంత మొండిగా తిరిగి తెచ్చుకుందో, శత్రువు దాన్నే ఎందుకు ముందు పడగొట్టాడో ఆ గడ్డిమీద కూర్చుంటే అర్థమవుతుంది.

ఇక్కడితో ఆపేసి ఉంటే ఇది ఓడి గెలిచినవాళ్ళ కథగా ముగిసేది. రెండో శనివారం పాతబస్తీ నుంచి పడమటివైపు నడిచాను.

పది నిమిషాల్లో క్రషింస్కి చౌకు వస్తుంది. ఒకపక్క 1944 తిరుగుబాటు స్మారకం, వెనక క్రషింస్కి తోట. 1943 ఏప్రిల్లో ఈ చౌకులో ఒక రంగులరాట్నం ఉండేది. దానికి ఆనుకుని ఘెట్టో గోడ. గోడకి అవతల, ఏప్రిల్ 19న, చావు తప్పదని తెలిసిన కొన్ని వందలమంది యూదు యువతీయువకులు చేతికి దొరికిన ఆయుధాలతో జర్మన్ సేనని ఎదిరించారు. ఇళ్ళు తగలబడుతున్నాయి. ఇవతల రంగులరాట్నం తిరుగుతోంది. ఆ దృశ్యం నుంచే చెస్వాఫ్ మివోష్ 'కాంపో దీ ఫియోరీ' అన్న పద్యం రాశాడు, ఆ సంవత్సరంలోనే, ఈ ఊళ్ళోనే ఉండి. దాన్ని ఇంగ్లీషులో ఎప్పుడో చదివాను. అందులో రోమ్‌లో బ్రూనోని తగలబెట్టిన చౌకు, వార్సాలో ఈ చౌకు పక్కపక్కన ఉంటాయి. అది ఒక ఉపమానం అనుకున్నాను అప్పుడు. ఇక్కడ నిలబడితే అది కేవలం అడ్రసు.

తోట దాటితే కాలిబాటలో ఇనప పట్టీ ఒకటి కనబడుతుంది. ఘెట్టో గోడ, 1940-1943 అని పోలిష్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. అది దాటితే మురానుఫ్. యుద్ధానికి ముందు వార్సా జనాభాలో దాదాపు 30 శాతం యూదులు. 1940 నవంబరులో నాలుగు లక్షల మందిని మూడున్నర చదరపు కిలోమీటర్లు కూడా లేని జాగాలో గోడ కట్టి మూసేశారు. 1942 జూలై 22న మొదలుపెట్టి రెండు నెలల్లో రెండున్నర లక్షలమందికి పైగా రైళ్ళలో ట్రెబ్లింకాకి పంపి చంపారు. పాతబస్తీకి రిబ్బన్ కత్తిరించింది కూడా జూలై 22నే. కొత్త ప్రభుత్వానికి అది జాతీయ దినం. తేదీలు కలవడం యాదృచ్ఛికమే. కానీ ఒకసారి చూశాక మరిచిపోవడం కష్టం.

ఘెట్టో తిరుగుబాటు అణిచాక మురానుఫ్‌ని నేలమట్టం చేశారు. పాతబస్తీలో మొండిగోడలైనా మిగిలాయి. ఇక్కడ ఇటుకల సముద్రం. దాన్ని తవ్విపోసే స్తోమత లేక, ఆర్కిటెక్ట్ బొహ్దాన్ లహెర్ట్ 1940ల చివర్లో ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఆ శిథిలాల దిబ్బల మీదే, ఆ శిథిలాల్ని నలగ్గొట్టి చేసిన దిమ్మలతోనే కొత్త కాలనీ. అందుకే ఇప్పటికీ చాలాచోట్ల వీధి కింద ఉంటుంది, ఇళ్ళు పైన ఉంటాయి, మెట్లెక్కి వెళ్ళాలి. మొదట చూసినప్పుడు గుట్టమీద ఊరేమో అనుకుంటాం. వార్సాలో ఇక్కడ గుట్టల్లేవు.

ఐజక్ బషేవిస్ సింగర్ కథల్లో క్రోహ్మాల్నా వీధి చదివినవాళ్ళుంటారు. మురానుఫ్‌కి దక్షిణంగా ఉంటుంది. వెతుక్కుంటూ వెళ్ళాను. పేరు బోర్డు ఉంది. ఆ వీధి లేదు.

మరి దీనికి బ్యాకప్ ఎవరూ తీయలేదా? తీశారు. ఇదే నన్ను అన్నిటికన్నా వెంటాడిన సంగతి. పాలిటెక్నిక్ విద్యార్థులు కిటికీలు కొలుస్తున్న ఆ సంవత్సరాల్లోనే, రెండు కిలోమీటర్ల అవతల గోడ లోపల, చరిత్రకారుడు ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లుమ్ కొన్ని పదులమందిని కూడగట్టి మరో రికార్డు తయారు చేస్తున్నాడు. డైరీలు, ప్రశ్నావళులు, రేషన్ కార్డులు, గోడ పోస్టర్లు, ట్రామ్ టికెట్లు, ఆఖరికి చాక్లెట్ కాగితాలు. 1942 ఆగస్టులో మొదటి భాగాన్ని పది రేకు పెట్టెల్లో, 1943 ఫిబ్రవరిలో రెండో భాగాన్ని రెండు పాలక్యాన్లలో పెట్టి ఒక స్కూలు నేలమాళిగలో పాతారు. 1944 మార్చిలో రింగెల్‌బ్లుమ్‌ని పట్టుకుని కాల్చేశారు. ఆయన సహచరుల్లో యుద్ధం దాటి బతికింది ముగ్గురే. వాళ్ళు చెప్పబట్టి 1946లో పెట్టెలు దొరికాయి. పాలక్యాన్లు 1950 డిసెంబరులో, మురానుఫ్ కాలనీ కడుతున్న కూలీలకి తగిలాయి. మూడో భాగం ఇప్పటికీ దొరకలేదు. దొరికిన వాటిలో దాదాపు 35,000 పేజీలు. ఒక పాలక్యాన్ యూదు చరిత్ర సంస్థలో ఉంది. తుప్పుపట్టి, సొట్టలుపడి, మన పాల కేంద్రాల దగ్గర ఉండే క్యాన్ లాగే ఉంటుంది.

రెండు బ్యాకప్‌లు. ఒకే ఊరు, ఒకే శత్రువు, ఒకే రకమైన తెగింపు. ఒకదాన్నుంచి కిటికీలు, గుమ్మాలు, పైకప్పులు లేచి నిలబడ్డాయి. రెండోదాన్నుంచి ఏమీ లేవలేదు. తేడా డ్రాయింగుల నాణ్యతలో లేదు. పాతబస్తీకి తిరిగొచ్చి దీపం పెట్టుకునేవాళ్ళు ఉన్నారు. చందా వేసేవాళ్ళు, ఇది మాది అనేవాళ్ళు ఉన్నారు. మురానుఫ్‌కి ఆ మనుషులే లేరు. ఎవరి కోసం కట్టాలి? మనుషుల్లేకుండా వీధిని మాత్రం కడితే, నేను మొదట అనుకున్న సెట్ అయ్యుండేది అదే. అలాగని, అక్కడేమీ లేనట్టు పైన కాలనీ కట్టేసిన తీరు కూడా మింగుడుపడదు. 1948లోనే ఘెట్టో వీరుల స్మారకం నిలబెట్టారు. 1970 డిసెంబరు 7న జర్మన్ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ మోకాళ్ళ మీద కూర్చున్నది దాని ముందే. దానికెదురుగా పోలిష్ యూదుల వెయ్యేళ్ళ చరిత్ర చెప్పే పోలిన్ మ్యూజియం పూర్తిస్థాయిలో తెరుచుకోవడానికి 2014 దాకా పట్టింది. చావుకి స్మారకం మూడేళ్ళలో వచ్చింది, బతుక్కి మ్యూజియం రావడానికి ఇంకో అరవై ఆరేళ్ళు ఆగాలి.

ఈ లెక్క ఇంకా తేలలేదు. ఊరి మధ్యలో సాక్సన్ తోట ఉంది. 1727 నుంచీ జనం తిరుగుతున్న పార్కు. దాని అంచున ఉన్న సాక్సన్ భవనాన్ని 1944 డిసెంబరులో పేల్చేశారు. మూడు కమానులు మాత్రం మిగిలాయి. వాటి కింద అజ్ఞాత సైనికుడి సమాధి, ఆరని మంట, కదలని కాపలా సైనికులు. ఆ భవనాన్ని మళ్ళీ కట్టాలని 2021లో చట్టం చేశారు. అటూ ఇటూ మాట్లాడేవాళ్ళున్నారు. నా ఓటు అడిగితే వద్దంటాను. మూడు కమానులు చెప్పేది మొత్తం భవనం చెప్పలేదు. కానీ ఈ మాటనే 1945లో పాతబస్తీ గురించి అని ఉంటే నాది తప్పయ్యేది. అప్పుడు వాళ్ళకి గుర్తుచేసే శిథిలాలకు కొదవలేదు, లేనిది ఇల్లు.

చివరి శుక్రవారం లంచ్ దగ్గర కొలీగ్ అడిగాడు, పాతబస్తీ నచ్చిందా అని. నచ్చిందన్నాను. వాళ్ళ అమ్మమ్మ గురించి అడిగాను. తిరుగుబాటు తరవాత ఊళ్ళోంచి తరిమేసినవాళ్ళలో ఆరేళ్ళ పిల్లగా ఆవిడా ఉందట. తిరిగొచ్చాక స్కూలు పిల్లలందరితో పాటు ఇటుకలు అందించిందట. కోట గడియారం మళ్ళీ మొదలైనరోజు కూతురి చెయ్యి పట్టుకుని కింద నిలబడిందట. మురానుఫ్ కూడా చూశానని చెప్పాను. అతను తల ఊపి, తన ఫ్లాటు అక్కడే అన్నాడు. పెళ్ళయ్యాక కొనుక్కున్నారు. మంచి చెట్లు, నిశ్శబ్దంగా ఉంటుంది, మెట్రో దగ్గర.

కాసేపు సూప్ తాగాడు. "షెల్ఫ్ పెడదామని గోడకి డ్రిల్ వేస్తే ఎర్రపొడి రాలుతుంది" అన్నాడు. "మా ఆవిడ చీపురుతో ఊడ్వనివ్వదు. తడిగుడ్డతో తీసి, కింద చెట్టు మొదట్లో పోసి వస్తుంది."